చిన్నమ్మ విన్న లిలిత్ కథ

మా చిన్నమ్మ పెళ్లయిన మూడేళ్లకే మొగుణ్ని వదిలేసి పామిడిలో మా ఇంటికి వచ్చేసింది. మా అమ్మకు సొంత చెల్లెలు. ఆయన కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. కానీ ఆ ఇంట్లో కూలికి పోవాలన్నా ఆయన్నే అడగాలి, తలనొప్పని కాసేపు నడుం వాల్చాలన్నా ఆయన్నే అడగాలి. ఒకరోజు అడగకుండా బస్సెక్కింది.

వారం తిరక్కుండానే ఆయన తరఫున ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. నాయన వాళ్లకు మంచం వాల్చి టీ ఇప్పించాడు. చిన్నమ్మ గడపలోనే నిలబడింది.

"ఆడది అణిగి ఉండాలమ్మా. పా, పోదాం" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"నేను రానన్నా. మీరు టీ తాగి పోండి."

ఆ మాట ఊరంతా తిరిగింది. మొగుణ్ని వదిలిన మనిషి, పైగా పిల్లల్లేరు. బాలింతలున్న ఇళ్లవాళ్లు ఆమెను చూస్తే తలుపు దగ్గరికి వేసేవాళ్లు. చర్చిలో ప్రార్థన అయ్యాక పసిబిడ్డలు అందరి చేతులూ మారేవాళ్లు. ఆమె దాకా వచ్చేసరికి మాత్రం బిడ్డకు నిద్రొస్తోందనేవాళ్లు. చిన్నమ్మ వేరుశనక్కాయలు కోసే కూలికి పోయింది, తర్వాత ఆటో నేర్చుకుని నడిపింది. ఏదీ పట్టించుకోనట్టే ఉండేది. కానీ ఒకసారి బిడ్డ కోసం చాచిన చేతులను వెనక్కి తీసుకుని, తడి లేకున్నా కొంగుకు తుడుచుకోవడం నేను చూశాను.

నేను చదువుకుని అనంతపురంలో కాలేజీ పాఠాలు చెబుతున్నాను. కిందటేడు మా ఊరి చర్చిలో ఆడవాళ్ల కూటానికి నన్ను మాట్లాడమన్నారు. బైబిల్లో ఆదాము భార్య హవ్వ గురించి చెబుతానని ఒప్పుకుని, లిలిత్ గురించి చెప్పాను.

"ఇది మన బైబిల్లో లేదు. యూదులు చెప్పుకునే కథ. హవ్వ కంటే ముందు ఆదాముకు ఒక భార్య ఉండిందంట. పేరు లిలిత్. ఇద్దర్నీ దేవుడు మట్టితోనే చేసినాడు. నువ్వు నా కింద ఉండాలన్నాడు ఆదాము. ఇద్దరిదీ ఒకే మట్టి, నేనెందుకుండాల అనింది ఆమె. దేవుని పేరు పలికి, గాల్లోకి లేచి వెళ్లిపోయింది. ఆమెను పిల్చుకురమ్మని దేవుడు ముగ్గురు దూతల్ని పంపినాడు. రానని చెప్పేసింది."

వెనక వరుసలోంచి చిన్నమ్మ గట్టిగా నవ్వింది. "నా కాడికీ ముగ్గురే వచ్చినారు గదమ్మీ!"

అందరూ నవ్వారు. మా వీధి చివర ఉండే ముసలామె మాత్రం నవ్వలేదు. "ఆ యమ్మ తర్వాత ఏమైపాయె?" అని అడిగింది.

"దయ్యమన్నారు పెద్దమ్మా. పసిబిడ్డల ప్రాణం తీస్తాదన్నారు. ఆమె రాకుండా ఆ దూతల పేర్లు రాసిన తాయెత్తులు కట్టినారు. వందల ఏండ్లు అట్లే నడిచింది. మన కాలంలో యూదుల ఆడవాళ్లే ఆ కథ మళ్లీ చదివి, ఈమె చేసిన తప్పేముండాది అని అడిగినారు. ఇప్పుడు ఆమె పేరు గర్వంగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు."

ఆ ముసలామె పక్కన ఆమె కోడలు నాలుగు నెలల పాపతో కూర్చుని ఉంది. ఆ కోడలు లేచి వెనక వరుస వైపు నడిచింది.

"ఏయ్, యాడికి పోతాండావు?" అంది అత్త.

"ఈడికే అత్తా. చెయ్యి నొస్తాండాది, కొంచేపు అక్క ఎత్తుకుంటాది."

పాపను తీసుకెళ్లి చిన్నమ్మ ఒళ్లో పెట్టింది. చిన్నమ్మ చీర మీద తొడుక్కున్న ఖాకీ చొక్కా గుండీ ఒకటి దొరికితే పాప దాన్ని పట్టుకుని నోట్లో పెట్టుకుంది. చిన్నమ్మ కదల్లేదు.

ముసలామె కాసేపు చూసి, "మెడ కింద చెయ్యి పెట్టు" అంది.

"పెట్టినా పెద్దమ్మా, పెట్టినా" అంది చిన్నమ్మ. ముఖం వెలిగిపోతోంది. కూటం ముగిసేలోగా ఇంకో ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని తెచ్చి ఇచ్చారు.

ఇప్పుడు మా వీధి బాలింతలు టీకాలకు ఆమె ఆటోలోనే పోతారు. మొన్న ఊరికెళ్లినప్పుడు ఆస్పత్రి ముందు ఆ ఆటో కనబడింది. తల్లులు లోపల చీటీల కోసం వరుసలో ఉన్నారు. చిన్నమ్మ డ్రైవరు సీట్లో ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని రాణిలా కూర్చుని ఉంది.

"ఊరికే ఏం జూస్తాండావు? రా, ఒకర్ని ఎత్తుకో" అంది.