కూర్మమ్మ పక్కన పెట్టిన రాళ్ళు

కూర్మమ్మ మోసగత్తె అట! మా రాయిగెడ్డ సున్నపు బట్టీలో ముప్పయ్యేళ్ళు రాయి కొట్టిన మనిషి, బస్తా సున్నంలో గుప్పెడు ఇసుక కలపడం ఎరగదు. ఆవిణ్ణి పట్టుకుని అంత మాటన్నారు, అదీ చదువుకున్న పెద్దమనుషులు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

అరవై ఏడులో, రాళ్ళు పరీక్షించే ఆఫీసరొకాయన ఆమదాలవలసలో రైలు దిగి మా ఊరొచ్చాడు. తెలుగు ముక్క రాదు. మిషన్ బడి మేష్టర్ని కదా, నన్ను దుబాసీగా పిలిచారు.

మా క్వారీలో పైన తెల్లరాయి, అడుగున నీలంరాయి. గట్టు మీద, గవ్వలూ నత్తలూ అచ్చుపడిన రాళ్ళ కుప్ప ఒకటుండేది. శ్రీకూర్మం స్వామి తాబేలు రూపం కనక డిప్ప ఉన్న జీవమంతా ఆయనదేనని, మావాళ్ళు ఆ రాళ్ళు కాల్చకుండా పక్కన పెడతారు. ఆఫీసరు ఆ కుప్ప చూసి గంతులేశాడు.

"ఇయి పైనియి కావు బాబూ. అడుగున నీలంరాయిలోయి. మేమే తెచ్చి స్వామి పేరుసెప్పి ఈడెట్టినాం. దొరకి సెప్పు," అంది కూర్మమ్మ.

ఆయన ఆ గవ్వలే గుర్తుగా మా తెల్లరాయికి 'రాయిగెడ్డ సున్నపురాయి' అని పేరు పెట్టాడు. గవ్వలు పై తెల్లరాయిలో ఉన్నాయని వాళ్ళ ఆఫీసు పుస్తకంలో అచ్చు వేయించాడు.

మరుసటేడు అది సరిచూడ్డానికి అదే ఆఫీసు నించి ఇంకో ముగ్గురు దిగారు. తొమ్మిది రోజులు తెల్లరాయి తవ్వారు. ఒక్క గవ్వ దొరికితే ఒట్టు! వాళ్ళ పెద్దాయన మండిపడ్డాడు. "ఈ మనిషి ఎక్కడివో రాళ్ళు తెచ్చి పోసి మావాణ్ణి మోసం చేసింది. ఈ పేరు కొట్టేయాలి," అన్నాడు. అది మాత్రం తెలుగులో చెప్పాను.

కూర్మమ్మ మొహం ఎర్రబడింది.

"ఏటీ? నాను మోసగత్తెనా?"

గునపం అందుకుని క్వారీ అడుగున నిలిచిన మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది. "తప్పు కాయి సామీ," అంటూ నీలంరాయి మీద నాలుగు పోట్లు పొడిచింది. ఊడిన పెళ్ళ నిండా గవ్వలే. తెచ్చి ఆయన బూట్ల ముందు పడేసింది.

ఆయన వంగి పెళ్ళ తిరగేసి చూశాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదో అడుగు," అన్నాడు నాతో.

అడిగాను. ఆవిడ ఆయన వైపు చూడనే లేదు.

"నాను సెప్పినాను. నువ్వు సెప్పినావా బాబూ?"

చెప్పలేదు. తాబేలు స్వామి సంగతి ఇంగ్లీషులో చెబితే దొర మమ్మల్ని చూసి నవ్వుతాడని సిగ్గుపడి ఆవిడ చెప్పిందంతా మింగేశాను. ఇన్నేళ్ళుగా వాళ్ళనీ వీళ్ళనీ తిట్టుకుంటున్నాను గానీ, ఆవిడకి ఆ మోసగత్తె పేరు తెచ్చిపెట్టింది నేనే.

ఈసారి ఆవిడ మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. చెప్పనివాణ్ణి నేనేనని కూడా చెప్పాను.