అద్దె గదిలో పేము కుర్చీ

సింగపూర్‌లో మా బ్లాకులో ఉండే క్వెక్ మేడమ్, భోజనాల కొట్ల దగ్గర ముందుగా ఓ కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఆ తర్వాతే నూడుల్స్ కోసం వరసలో నిలబడుతుంది. ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఒకరిదని లెక్క, మా ఊళ్లో అక్కడ ఇంకెవరూ కూర్చోరు. ఇల్లు ఇరుకని, పోయిన మొగుడి పేము కుర్చీని సామాన్లు దాచుకునే అద్దె గదిలో ఉంచింది. ఆదివారం ఆదివారం వెళ్లి, దాని ఎదురుగా పీట వేసుకుని కాఫీ తాగి వస్తుంది.

“ఆ డొక్కు కుర్చీకి ఇంత అద్దెనా? అలాంటివి పది కొనచ్చు. గది వదిలెయ్యమ్మా!” అని కూతురు హ్వీ మిన్ ఒకటే పోరు.

“నువ్వే వచ్చి చూసి చెప్పవే,” అని ఈ ఆదివారం క్వెక్ మేడమ్ కూతుర్ని వెంటబెట్టుకెళ్లింది.

గది తలుపు తీయగానే హ్వీ మిన్ ఉస్సురంటూ కుర్చీలో కూలబడబోయి, ఆగిపోయింది. కుర్చీలో విప్పని టిష్యూ ప్యాకెట్ ఉంది. ఆ పిల్ల నేల మీద కూర్చుంది.