లవాన్ ఎక్కగలిగిన ట్రక్కు

ఆరిన్ ప్రూయిట్‌కి కోపం వస్తే నోరు చేసుకోడు, బోల్టులు బిగిస్తాడు. ట్రైలర్ కిందికి దూరి, బిగిసి ఉన్నవాటినే మళ్ళీ బిగిస్తాడు. ఆ మార్చిలో అతని పాత పికప్ ట్రక్కు ఇంజను పట్టేసినప్పుడు రోజంతా మాకు రెండు బూట్లు తప్ప మనిషి కనపడలేదు. "బయటికి రావయ్యా, కాఫీ చల్లారిపోతోంది" అని భార్య లవాన్ పిలుస్తూనే ఉంది. చివరికి ఆ కాఫీ నేను తాగాను.

మా ట్రైలర్ల పార్కు అరిజోనా ఎడారిలో, నది ఒడ్డున. చలికాలం వస్తే మాలాంటి ముసలివాళ్ళమంతా ట్రైలర్లు ఈడ్చుకుంటూ ఇక్కడికి చేరతాం. ఎండలు ముదరకముందే ఉత్తరాన కొండల్లోకి పోతాం. అక్కడి అడవి క్యాంపుల్లో మరుగుదొడ్లు కడిగి, చలిమంటల గుంటల్లో బూడిద ఎత్తిపోసి, సరదాకి వచ్చిన కుర్రకారుకి నవ్వుతూ దారి చూపిస్తాం. అందుకు కాస్త జీతమిచ్చి, ట్రైలర్ పెట్టుకోవడానికి ఊరికే చోటిస్తారు. సెలవులకని ట్రైలర్ కొనుక్కునేవాళ్ళు వేరే జాతి. మాకు అదే ఇల్లు, ఇంకోటి లేదు. దాన్ని లాగే ట్రక్కు చచ్చిందంటే ఇంటికి కాళ్ళు విరిగినట్టే. మే నెలలో ఇక్కడ ఉండిపోయామా, రేకుపెట్టెలో చచ్చినట్టు ఉడకాల్సిందే.

ఆరిన్ ఆరిగన్‌లో ప్లైవుడ్ మిల్లు మనిషి. ఎడమచేతి చూపుడువేలు మిల్లు తినేసింది, కొన్నాళ్ళకి మిల్లే మూతపడింది, దాని వెనకాలే ఇల్లూ పోయింది. పిల్లల్లేరు. లవాన్ బడి వంటగదిలో పనిచేసేది. వందమంది పిల్లల గోలలో వినపడేలా మాట్లాడీ మాట్లాడీ ఆమె నవ్వు కూడా అంత పెద్దదయింది. ఆమె నవ్విందంటే పార్కు ఆ చివర కుక్కలు మొరిగేవి. ఆరిన్ ఆ నవ్వు వినడానికే జోకులు వేసేవాడు, ఒక్కటీ బాగుండేది కాదు పాపం. లవాన్‌కి రెండేళ్ళుగా కుడి తుంటి అరిగిపోయి, కాలు మోకాలెత్తుకి మించి లేచేది కాదు.

ట్రైలర్ కదలకపోతే ఇద్దరికీ మిగిలిన దారి ఒక్కటే. లవాన్ చెల్లెలు తన ఇంటి నేలమాళిగలో ఒక గది ఇస్తానంది, అదీ అక్కకి మాత్రమే. చెల్లెలి మొగుడికి ఆరిన్ అంటే గిట్టదు.

"నేనక్కడ, నువ్వెక్కడో అయితే ఇంకెందుకొచ్చిన బతుకు?" అంది లవాన్.

"నువ్వక్కడికి పోవు. ట్రక్కు కొంటాను, మనిల్లు మనం లాక్కుపోదాం" అన్నాడు ఆరిన్.

మా పార్కులో ఒకడు ట్రక్కు కొంటున్నాడంటే పెళ్ళిసంబంధం చూస్తున్నంత హడావుడి. సాయంత్రం మంట చుట్టూ మడతకుర్చీలు వేసుకుని ప్రతివాడూ తన ట్రక్కు పురాణం విప్పుతాడు. ఇక బర్ల్ హ్యాక్నీ సంగతి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు టైర్లు అమ్మాడు, ఆ ఒక్క అర్హతతో ప్రపంచంలో చక్రం ఉన్న ప్రతిదానికీ డాక్టరయిపోయాడు.

"ఒరేయ్ ఆరిన్, అమ్మేవాడు ఇంత లాగుతుంది, అంత లాగుతుంది అని ఊదరగొడతాడు. లాగడానికేముందిరా, గాడిద కూడా లాగుతుంది. మొయ్యగలదా, అది చూడు" అన్నాడు బర్ల్.

ఆ మాట మాత్రం నిజం. మా ట్రైలర్ల ముక్కు ట్రక్కు తోక మీద కూర్చుంటుంది. ఆ ముక్కు బరువు, లోపలి మనుషులు, సామాను, అంతా కలిపి ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవరు తలుపు అంచున చీటీ అంటించి ఉంటుంది. మా వాళ్ళు కొత్త ట్రక్కు చూస్తే రంగు చూడరు, తలుపు తీసి ఆ చీటీ చదువుతారు.

వాళ్ళకి బండి లేదు కాబట్టి పట్నానికి నా బుల్లి ట్రైలర్‌ని లాగే కారులోనే తీసుకెళ్ళాను. పాత ట్రక్కుల అంగడిలో రెండు బండ్లు తేలాయి. ఒకటి తెల్లది. ఎత్తుగా, మోటుగా, వెనక గట్టి స్ప్రింగులతో ఉంది. ఆరిన్ తలుపు తీసి చీటీ చూసి, పాతికేళ్ళు చిన్నవాడైపోయాడు. "వెల్డా, ఇది మా ఇల్లొకటే కాదు, నీ ఇల్లు కూడా మోసేస్తుంది!" అన్నాడు నాతో.

"ముందు నన్ను మొయ్యనివ్వు" అంది లవాన్. పక్కన మెట్టు బిగించే ఉంది. ఎడమకాలు దాని మీద పెట్టింది, పైనున్న పిడి పట్టుకుంది. కుడికాలు మాత్రం లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారికి అంగడి కుర్రాడు "నేను సాయం చేస్తాను మేడమ్" అంటూ వెనకనుంచి రెండు చేతులూ పెట్టి, బస్తా ఎక్కించినట్టు ఆమెను లోపలికి తోశాడు.

"అమ్మ బాబోయ్! పెళ్ళయినప్పట్నించీ మా ఆయన కూడా ఇంత చొరవ చెయ్యలేదు!" అని లవాన్ పెద్దగా నవ్వింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగగానే ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. గడ్డం వణుకుతోంది. నొప్పికి కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి, అవి తుడుచుకోవడానికి చెయ్యి కూడా పిడి వదలడంలేదు. నేను చూశాను, నా పక్కనున్న ఆరిన్ కూడా చూశాడు.

"బాగుంది ఆరిన్, ఇదే తీసుకుందాం" అంది, ఇటు తిరగకుండానే.

ఆరిన్ రెండో బండి దగ్గరికి నడిచాడు. అది బూడిదరంగుది, తక్కువ ఎత్తు, మెత్తని సీట్లు, సంతకెళ్ళి కూరగాయలు తెచ్చుకునేవాళ్ళ షోకు ట్రక్కు. డ్రైవరు తలుపు తీసి చీటీ చదివాడు, చాలాసేపు చదివాడు. తర్వాత అవతలి తలుపు తెరిచి, "రా, ఇందులో కూచో" అన్నాడు.

లవాన్ వెనక్కి తిరిగి సీటు అంచున కూర్చుని, రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంది, అంతే. హాయిగా ఊపిరి వదిలింది. వెంటనే భయపడింది.

"ఇది మనిల్లు లాగుతుందా?"

"లాగుతుంది."

"మోస్తుందా మరి?"

"అది నేను చూసుకుంటాలే."

"చూడు, నేను ఆ తెల్లదాంట్లో ఎక్కగలను. రోజూ ఎక్కితే అదే అలవాటవుతుంది."

"ఎక్కక్కర్లేదు" అన్నాడు ఆరిన్. అతను లవాన్ మీద గొంతు పెంచడం నేను వినడం అదొక్కసారే.

ఆ బూడిదరంగు బండి కొని పార్కుకి తెచ్చిన సాయంత్రం అందరూ చుట్టూ మూగారు. ఒక్కొక్కడే డ్రైవరు తలుపు తీయడం, వంగి చదవడం, ఏమీ అనకుండా పక్కకి తప్పుకోవడం. చావింట్లో కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడతారు.

"బండి ముద్దుగానే ఉంది. మరి దీని వెనకాల తగిలించేదేది, కుక్కపిల్ల గూడేనా?" అన్నాడు బర్ల్. జనం నవ్వారు. ఆరిన్ వెళ్ళి ట్రైలర్ కింద దూరాడు.

ఉత్తరానికి బయల్దేరేముందు హైవే పక్క లారీల కాటా మీద తూకం వేయించుకోవడం మాలో అందరికీ ఆచారం. ఆరిన్ కూడా వేయించాడు. ముక్కు బరువుతో కలిపి ట్రక్కు మోత చీటీలో రాసినదాన్ని దాటిపోయింది, అదీ అంతా ఇంతా కాదు. ట్రక్కు వెనక్కి కుంగి, ముందు దీపాలు ఆకాశం చూస్తున్నాయి. తిరిగొచ్చి ట్రైలర్ మెట్ల మీద కూర్చుని, లేని వేలి మొదలు గోక్కుంటున్నాడు.

"ఆ తెల్లది ఇంకా ఉందేమో అడుగుదాం" అంది లవాన్.

"ఉండదు" అన్నాడు. అడిగి చూసిందెక్కడ?

అప్పుడు వచ్చాడండీ మా చక్రాల డాక్టరు. "దీనికింత ఏడుపెందుకురా? ముక్కు బరువే కదా ఎక్కువ. ముందున్న సామానంతా వెనక్కి జరుపు, ముక్కు దానంతటదే తేలుతుంది" అన్నాడు.

ఇద్దరూ పొద్దుగూకేదాకా మోశారు. మంచం కింద ఉండే పనిముట్ల పెట్టె, లవాన్ చక్కెరపాకంలో పట్టిన పీచ్‌పళ్ళ సీసాలు, ఇనప మూకుళ్ళు, అన్నీ వెనకగదిలోకి పోయాయి. జనరేటరు ఏకంగా ట్రైలర్ వెనక బంపరు మీద చట్రం కొట్టి కట్టేశారు. "ఇక నాకు పీచ్‌పళ్ళు తినాలనిపిస్తే ఇల్లంతా చుట్టి రావాలన్నమాట" అని లవాన్ నవ్వింది. మర్నాడు మళ్ళీ తూకం వేస్తే అంకె చీటీకి సరిపోయింది. ట్రక్కు కూడా చదునుగా నిలబడింది. ఆరిన్ మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం బీన్సూ, మొక్కజొన్న రొట్టే వండుకుని అందరం కలిసి తిన్నాం. బర్ల్‌ని మెచ్చుకోనివాడు లేడు.

ముక్కు తేలికైతే ట్రైలర్ రోడ్డు మీద అటూ ఇటూ తోక ఊపుతుంది, ముందున్న ట్రక్కుని కూడా ఊపేస్తుంది. మాలో ఇది తెలియని మనిషి లేడు. బర్ల్‌కి తెలుసు, ఆరిన్‌కి తెలుసు. ఇన్నేళ్ళు ఈ బతుకు బతికినవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ మాకు కాటా అంకె మీద గుడ్డి నమ్మకం. అంకె సరిపోయిందంటే దేవుడు సరేనన్నట్టే, ఇక ఏదీ గుర్తుండదు. కొత్తగా ట్రైలర్ కొన్నవాడైతే భయపడి పెద్ద బండి కొనుక్కునేవాడు. అంకెని లొంగదీసే తెలివి మా వాళ్ళకే ఉంది, తగలెయ్య!

వాళ్ళు బయల్దేరిన పొద్దున నేను వెనక నిలబడి దీపాలు చూశాను. బ్రేకు వెలిగింది, కుడి వెలిగింది, ఎడమ వెలిగింది. "మొదట చేరినవాళ్ళు మంచి చోటు పట్టాలి వెల్డా!" అని లవాన్ కిటికీలోంచి అరిచింది. సీట్లో దర్జాగా కూర్చుంది మహాతల్లి, నొప్పి ఊసే లేదు. ఆరిన్ ఆమె వంక చూసుకుంటున్నాడు. అంత గర్వం ఆ మనిషి మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

నెవాడాలో ఒక కనుమ దిగుతుంటే జరిగింది. పక్కగాలి కొడుతోందట. ఒక పెద్ద లారీ వాళ్ళని దాటిపోయింది. ఆ విసురుకి ట్రైలర్ తోక కొంచెం ఊగింది, ఆరిన్ సర్దాడు, ఇంకా ఎక్కువ ఊగింది. బ్రేకు తొక్కాడు. వెనకున్న ఇల్లంతా ట్రక్కుని పక్కకి తోసి, తనతోపాటు పడేసింది. లవాన్ వైపే పడింది. జనం పరిగెత్తుకొచ్చేసరికి ఆమె బతికి లేదు. ఆరిన్‌కి పక్కటెముకలు విరిగాయి, ప్రాణం మాత్రం గట్టిది, పోలేదు.

ఆసుపత్రివాళ్ళు నాకు ఫోను చేశారు. కారు తీస్తుంటే బర్ల్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "నేనూ వస్తాను వెల్డా" అన్నాడు.

"నువ్వు రావద్దు. నీ మొహం అతనికి చూపించకు" అన్నాను. తప్పంతా బర్ల్‌ది కాదని నాకు తెలుసు. అయినా ఆ రోజు న్యాయం మాట్లాడే ఓపిక నాకు లేదు, ఇప్పటికీ పూర్తిగా రాలేదు. వాడు అక్కడే దుమ్ములో నిలబడిపోయాడు.

లవాన్‌ని ఆ ఊళ్ళోనే దహనం చేయించాం. చెల్లెలు వచ్చింది, ఏడ్చింది, ఆరిన్‌తో ఒక్కమాటా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. తర్వాత మిగిలిన సామాను తెచ్చుకోమంటే, తుక్కు బండ్లు పెట్టే చోటికి అతన్ని తీసుకెళ్ళాను. ఇల్లని చెప్పుకోవడానికి అక్కడ ఏమీ లేదు, విరిగిన చెక్కపేళ్ళు, రేకులు, పగిలిన సీసాల మీద ముసిరిన చీమలు. ట్రక్కు మాత్రం పెద్దగా చెడలేదు. పైకప్పు ఒకవైపు లోపలికి కుంగింది. లవాన్‌ని బయటికి తీయడానికి ఆ వైపు తలుపు కోసేశారు.

"కప్పు సరిచేయిస్తే నడుస్తుంది సార్. ఉంచుకుంటారా, అమ్మేస్తారా?" అని అక్కడి మనిషి అడిగాడు. పాపం, మంచిగానే అడిగాడు.

ఆరిన్ తలుపులేని ఆ వైపుకి వెళ్ళి, వెనక్కి తిరిగి, విరిగిన పక్కటెముకలు పట్టుకుని, ఆమె సీటు అంచున కూర్చున్నాడు. సీటు మీద మరక ఇంకా ఉంది. కాళ్ళు నేలకి అందుతున్నాయి.

"చూశావా వెల్డా, ఎంత సులువో" అన్నాడు.

"లే ఆరిన్, పోదాం" అన్నాను.

"పెద్దదాంట్లో అయితే ఎక్కిన ప్రతిసారీ ఏడ్చేది. ఆ ఏడుపు నేను చూడలేననుకున్నా." అతను నావైపు చూడటంలేదు, తన బూట్ల వైపు చూస్తున్నాడు. "ఏడిస్తే ఏడ్చేది, వెల్డా. ఏడుస్తూనే ఎక్కేది. ఇవాళ కూడా ఎక్కేది."