బోరులో నిప్పు

ఇప్పటికీ బోరు లారీ దగ్గర వేడి రాతిపొడి వాసన తగిలితే నాకు ఆరో తరగతే గుర్తొస్తుంది. పుంగనూరు దగ్గర మా చేన్లో టమాటా వాడిపోతుంటే నాయన బోరు వేయించాడు. భూమి లోపల రాళ్ళు కరిగి ఉడుకుతుంటాయని, సందు దొరికితే అగ్నిపర్వతమై తన్నుకొస్తాయని ముందురోజే అయ్యవారు చెప్పాడు. బడిలో నేను చెవులు రిక్కించి విన్న పాఠం అదొక్కటే. బోరులోంచి పొగలాంటి దుమ్ము లేవగానే నాయన చెయ్యి పట్టి లాగాను.

"ఆపించు నాయనా, నిప్పొస్తాది."

"నీళ్ళకే దిక్కులేదు, నిప్పు యాడొస్తాదప్పా?"

ఆరు వందల అడుగులకీ చుక్క పడలేదు. లారీ వెళ్ళిపోయింది. నిప్పు రాలేదని నేను గంతులేశాను. నాయన నా నెత్తిన దుమ్ము దులుపుతూ, "పోనీలేప్పా, ఊరన్నా బతికింది" అని నవ్వాడు.

ఆ పొద్దు చేన్లో నవ్వినవాళ్ళం మేమిద్దరమే. నవ్వడానికి కారణం ఉన్నది నాకొక్కడికేనని ఇప్పుడు తెలుస్తోంది.