ఇరవై నాలుగో వంతు జీపు

కొత్త బండిని కట్టడం పెద్ద పని కాదు, దాన్ని పాతబండిగా చేయడమే కష్టం. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలను కాగితంలో చూపించిన వరసలో అతికించుకుంటూ పోతే, ఓపిక ఉన్న ఎవరి చేతిలోనైనా బండి తయారవుతుంది. అదే బండి ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగినట్టు కనిపించాలంటే మాత్రం తుప్పు ఎక్కడ మొదలవుతుందో, ఏ అంచున రంగు ముందు పోతుందో, బురద ఎంత ఎత్తుదాకా చిమ్ముతుందో తెలియాలి. ఈ పనిని మా వాళ్లు వెదరింగ్ అంటారు. మా వాళ్లంటే, ఫోన్లో గ్రూపు పెట్టుకుని ఒకళ్లు కట్టిన మోడళ్లు ఇంకొకళ్లకు చూపించుకునే కొద్దిమంది. నర్సీపట్నంలో నాకు తెలిసి నేనొక్కదాన్నే.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రక్తాలు తీయడం, స్లైడ్లు చూడడం. అది చెయ్యి వణకకూడని పని. ఇంటికొచ్చాక మళ్లీ చెయ్యి వణకకూడని పనే పెట్టుకుంటే ఇక సరదా ఏముందని మా ఆయన అంటాడు. ఆయన రోలుగుంటలో హైస్కూలు మాస్టారు. ఇంటికొచ్చాక ఆయనా పాఠాలే చెబుతాడు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. చుట్టాలు మా అద్దాల బీరువా చూసి "పిల్లలవా?" అంటారు. నావేనంటే ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, "దీనికన్నా ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకుంటే నిండుగా ఉంటాది కదా" అని సలహా ఇస్తారు. ఈ సలహాకు నవ్వడం మానేసి చాలా కాలమైంది.

బీరువాలో విమానాలున్నాయి, రెండు ఓడలున్నాయి, ఒక ట్యాంకు ఉంది. టీవీ బల్ల మీద మాత్రం ఒక నీలం జీపు ఉంది. అది బీరువాలో ఎందుకు లేదో చెప్పాలంటే మావయ్యగారి గురించి చెప్పాలి.

మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, నర్సీపట్నం నుంచి చింతపల్లికి సర్వీసు జీపు నడిపేవారు. నీలం రంగు బండి. బానెట్ మీద పసుపు అక్షరాలతో "నూకాలమ్మ తల్లి దీవెన" అని రాసి ఉండేది. సంత రోజుల్లో లోపల ఎంతమందో వెనక మెట్టు మీద అంతమంది. పైన పసుపు బస్తాలు, చింతపండు గంపలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఏజెన్సీ జనం ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "నీలం జీపు బాబు" అనేవారు. ఆయన ఘాట్లో ఎక్కడ ఆపినా హ్యాండ్‌బ్రేకును నమ్మేవారు కాదు. దిగగానే వెనక చక్రం కింద రాయి పెట్టవలసిందే. ఆ అలవాటు ఎంతదాకా పోయిందంటే, పీట వేసినట్టు చదునుగా ఉన్న మా వాకిట్లో కూడా పెట్టేవారు. పెళ్లయిన కొత్తలో నేను ఉండబట్టలేక, "ఇక్కడినుంచి ఎక్కడికి పోతుందండీ?" అని అడిగాను.

"బండమ్మా, అది. దాని బుద్ది మనకేటి తెలుస్తాది?" అన్నారు.

అలా నాతో ఇష్టంగానే మాట్లాడేవారు. ల్యాబులో ఆ రోజు ఏ ఊరివాళ్లు వచ్చారో అడిగి, వాళ్ల తాతలు తన జీపు ఎక్కిన కథలు చెప్పేవారు. తరవాత ఆయన చూపు మందగించింది. విశాఖపట్నం కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది నేనే. ఒక కన్ను పూర్తిగా పోయిందనీ, రెండోదాంట్లో కొంచెమే మిగిలిందనీ, ఇక బండి నడపకూడదనీ డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. దాన్ని తెలుగులో చెప్పడం నా వంతయింది. బస్టాండులో బెంచీ మీద కూర్చుని, దాచకుండా చెప్పాను. "ఓహో" అన్నారు. అంతే. కొన్నాళ్లకే కోటవురట్ల నుంచి ఎవరో వచ్చి జీపు తోలుకుపోయారు.

అప్పటినుంచి నాతో మాటలు ముక్తసరి అయిపోయాయి. "కాఫీ." "సాలు." "ఊఁ." కోపం నీ మీద కాదు, నువ్వు చెప్పిన కబురు మీద అని మా ఆయన సర్దిచెబుతాడు. కోపం ఎవరి మీదైతేనేం, ఆ ముక్కలు ముక్కలు మాటలు వచ్చేది నాకే. వాకిట్లో మాత్రం రాయి అలాగే ఉండిపోయింది. కొళాయికి వెళ్లేటప్పుడు దానికి నా కాలివేలు కొట్టుకునేది. తీసి పారేద్దామా అని ఒకసారి గట్టిగానే అడిగాను. అయినా అది అక్కడే ఉంది.

అందుకని ఆ జీపు కడదామనుకున్నాను. సేవ, ప్రేమ లాంటి పెద్ద మాటలు నాకొద్దు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఇది తన బండేనని ఒప్పుకోవాలి, ఆ వంకన నాతో మళ్లీ మాట కలపాలి. నాకు కావలసింది అంతే. మాటలతో తెగినదాన్ని అతుకు వేసే విద్య నాకు లేదు. ప్లాస్టిక్ అతకడం వచ్చు.

కిట్టు హైదరాబాదు నుంచి తెప్పించాను. ఇరవై నాలుగో వంతు సైజు మిలటరీ జీపు. మావయ్యగారిది దానికన్నా పొడుగు బండి కాబట్టి నడుం దగ్గర కోసి, ప్లాస్టిక్ షీటు ముక్కలు వేసి సాగదీశాను. జిగురు నీళ్లలో తడిపిన టిష్యూ కాగితం టాపు అయింది. పైన సామాన్ల క్యారేజీకి ఫ్యూజు వైరు వాడాను. వెనక బెంచీలు, మెట్టు, అన్నీ సొంతంగా చేసినవే. గ్లాసు స్లైడు మీద నీలం, నలుపు కలిపి, ఆ నీలం వచ్చేదాకా కలుపుతూనే కూర్చున్నాను. బానెట్ మీద అక్షరాలు నాలుగు వెంట్రుకల బ్రష్షుతో ఊపిరి బిగబట్టి రాశాను. వానాకాలం కావడంతో మొదట వేసిన వార్నిష్ తెల్లగా పాలిపోయింది. అదంతా తీసేసి, ఎండ కాసిన రోజు చూసి మళ్లీ వేశాను. నాలుగు చక్రాలూ నేలకు సమంగా ఆనాలని ఇరుసులకు అతికించేశాను. అద్దం వెనక ఉండే బండికి చక్రాలు తిరగక్కరలేదు. మా పద్ధతి అది.

ఆఖరున వెదరింగ్. ఆ జీపుది మా దగ్గర ఒక్కటే ఫొటో ఉంది, అమ్మే ముందు మా ఆయన ఫోన్లో తీసింది. అందులో తలుపు కింద తుప్పు పట్టి ఉంది. మడ్‌గార్డుల దాకా ఎర్రమట్టి కొట్టుకుని ఉంది. నేను ఆ ఫొటోనే ప్రమాణంగా పెట్టుకున్నాను. ఒక ఆదివారం మా ఆయన బండి మీద లంబసింగి ఘాటు ఎక్కి, మలుపు దగ్గర ఒక కవరునిండా మట్టి తెచ్చుకున్నాను. ఎండబెట్టి, నూరి, టీ జల్లెడతో జల్లించాను. ఆ జల్లెడతో టీ తాగనని మా ఆయన భీష్మించుకోవడంతో ఇంకొకటి కొనవలసి వచ్చింది. టర్పెంటైన్లో కలిపిన గోధుమరంగు సందుల్లోకి దింపి, తుప్పు మచ్చలు పొడిచి, అసలు ఘాటు మట్టినే మడ్‌గార్డులకు పట్టించాను. పూర్తయ్యాక ఫొటో పక్కన పెట్టి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. తేడా పట్టుకోవడం కష్టం.

వరండాలో కూర్చున్న మావయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మిగిలిన కంటి దగ్గరగా పెట్టుకుని తిప్పి చూశారు. కింద చూశారు. టాపు వేలితో తడిమారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, పరీక్ష రాసిన పిల్లలా.

"బాగుందమ్మా," అన్నారు. "ఎవులిది?"

మా ఆయన ఫక్కున నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. "మీదేనండీ" అన్నాను. ఆయన "ఊఁ" అని బండి నా చేతికిచ్చేశారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్ని వారాల పని బూడిదలో పోసిన పన్నీరు. చూపు లేని మనిషికి చూపించడం నాదే బుద్ధితక్కువ అనుకుని, టీవీ బల్ల మీద పెట్టేసి, మళ్లీ దాని వంక చూడలేదు.

అది జరిగిన కొన్నాళ్లకు దసరా వచ్చింది. జ్వరాల సీజను కదా, పండగ పూట కూడా ల్యాబు తెరిచారు. కొండమీదనుంచి దిగిన జనం వరండా దాకా ఉన్నారు. అత్తగారు పోయినప్పటినుంచి పూజలు నావే అయినా, ఆ రోజు సాయంత్రం చేద్దాంలే అని చెప్పి వెళ్లాను. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వరండాలో మావయ్యగారు కింద కూర్చుని ఉన్నారు. ఎదురుగా అరిటాకు ముక్క. దాని మీద నీలం జీపు, తళతళా మెరుస్తోంది.

మట్టి లేదు. తుప్పు లేదు. పక్కన నా టర్పెంటైన్ సీసా, పాత బనీను ముక్క ఉన్నాయి. కింద వార్నిష్ పొర ఉండబట్టి నీలం రంగూ, అక్షరాలూ దక్కాయి.

"మావయ్యగారూ, ఏం చేశారండీ ఇది!" అన్నాను. గొంతు పెద్దదే అయింది.

"పండగ పూట బండి అలగుంచుతారేటమ్మా?" అన్నారు. "మట్టి కొట్టుకుపోయుంటే కడిగీసేను."

మా ఆయన లోపల్నుంచి వచ్చి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నువ్వు తొక్కావు, నాన్న కడిగాడు," అన్నాడు. ఏదో ఒకటి విసరాలనిపించింది. చేతికందేది జీపే కావడంతో ఆగాను.

అప్పుడు సరిగా చూశాను. బానెట్ మీద పసుపు బొట్లు, వాటి మధ్య కుంకుమ. ఒక బొట్టు గురి తప్పి హెడ్‌లైటు మీద పడింది. ముందు అద్దం కింద దండకు బదులు ఒక్క బంతిరేకు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మ పిందెలు, పక్కింటి చెట్టువి, మిరియాలకన్నా చిన్నవి. ఆ కంటితో ఆ ఆకుల్లో వాటిని ఎలా వెతికారో తెలియదు. ఆ జీపుకు నిమ్మకాయలు ఎంత ఉండాలో, సరిగ్గా అంతే ఉన్నాయి.

"నువ్వొచ్చేక బండి తీద్దారని ఉంచేను," అన్నారు మావయ్యగారు. చూపుడువేలు వెనక ఆనించి ముందుకు తోశారు. చక్రాలు తిరగలేదు. పిందెలు నలగకుండా ముందుకు జరిగాయి. ఇంకోసారి తోశారు. జీపు అరిటాకు మీద జారింది.

"తిరగవేటి?"

"అతికించేశానండీ."

"ఓహో," అన్నారు. విశాఖపట్నం బస్టాండులో అన్నట్టే అన్నారు. మోకాళ్ల మీద చేతులు వేసి లేచి, లోపలికి వెళ్లి పడుకున్నారు.

భోజనాలయ్యాక ఫోన్లో ఆ ఫొటో తీసి మా ఆయనకు చూపించాను. నేను చేసింది అబద్ధమా, నువ్వే చెప్పమన్నాను. ఆయన ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"అబద్ధం కాదు. ఇది ఆఖరి వానాకాలం," అన్నాడు. "అంతకు ముందు నాన్న పొద్దున్నే కడక్కుండా ఒక్కరోజైనా బండి తీసేవాడేటి? అప్పటికి మట్టి కనపడ్డం మానేసింది ఆయనకి. మేమూ సెప్పలేదు."

అంటే నేను అంత కష్టపడి జల్లించి పట్టించింది ఆ రోజుల్లో ఆయన కంటికి ఆనని మట్టి. ఆయనకు గుర్తున్నది కడిగిన బండే. ఆయన ఎవరిదని అడగడంలో తప్పేమీ లేదు. ఇది తెలిసి ఉంటే మట్టి వేయకపోయేదాన్నా? చెప్పలేను. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు చేయడమే నాకు వచ్చిన పని. ల్యాబులో రిపోర్టు కూడా అలాగే ఇస్తాను. కానీ ఆ రెండో "ఓహో" మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. బాధేసింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం బల్ల ముందు కూర్చుని, నాలుగు చక్రాలనూ రంపపు బ్లేడుతో కోసేశాను. ముందు వైపు స్ప్రింగు ఒకటి విరిగింది. మళ్లీ చేశాను. పాత ఇరుసులు తీసేసి, వాడని లావుపాటి ఇంజెక్షన్ సూదులు కత్తిరించి అక్కడ అమర్చాను. వాటి లోపలినుంచి సన్నటి ఉక్కుతీగ పోనిచ్చి, రెండు చివర్లా చక్రాలు తగిలించాను. ఇప్పుడు జీపు కాస్త వంకరగా నిలబడుతుంది. కుడివైపు ముందు చక్రం నేలకు సరిగా ఆనదు. మా గ్రూపులో పెడితే చీల్చి చెండాడతారు. వేలితో తోస్తే మాత్రం మెత్తగా పోతుంది. మట్టి కవరు ఇంకా ఉంది కానీ దాని జోలికి పోలేదు.

సాయంత్రం టీవీ బల్ల మీద పెట్టి, "మావయ్యగారూ, చక్రాలు తిరుగుతున్నాయండీ," అన్నాను.

"ఊఁ," అన్నారు. లేచి వచ్చి, వేలితో కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు నడిపి చూశారు. మళ్లీ వెళ్లి కూర్చున్నారు. నేను అన్నం వడ్డించాను.

మర్నాడు పొద్దున్న ల్యాబుకు బయల్దేరుతూ తాళాల కోసం టీవీ బల్ల దగ్గరకు వెళ్లాను. జీపు అక్కడే ఉంది. వెనక చక్రం కింద శనగగింజంత రాయి పెట్టి ఉంది.