సొరంగం దాటాక చూసిన ఎరుపు

బెంగళూరు చిక్కపేటలో మెట్రో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో పట్టుచీరల మూట ఉంది. నా ఒళ్లో ఉప్పునీళ్ల సీసా ఉంది.

"అందులో ఏముండాదప్పా?" అన్నారాయన.

"సముద్రపు నాచండీ. ఇంట్లో అక్వేరియంలో పెంచాను. స్నేహితుడికి చూపించడానికి తీసుకెళ్తున్నా."

అక్వేరియం కోసం కొన్న రాయికి గోరంత ఎర్ర నాచు ముక్క అంటుకుని వచ్చింది. త్వరగా పెరుగుతుందని పెద్ద లైటు పెడితే పాలిపోయింది. నీడకు జరిపాక మళ్లీ రంగొచ్చి, ఏడాదికి గుప్పెడంత అయింది. మా ఆవిడ మాత్రం దాన్ని పాచి అనేది. ఇదంతా ఆయనకు చెప్పి సీసా ఇవ్వబోయాను.

"ఉండప్పా. ఈ లైట్ల కింద ఎరుపు తెలీదు. అంగట్లో గూడా చీరను వాకిట్లోకి తెచ్చే చూపిస్తాం."

రైలు సొరంగం దాటి ఎండలోకి వచ్చాక సీసా తీసుకున్నారు. కిటికీ దగ్గర పెట్టి, చీర అంచు చూసినట్టు మెల్లగా తిప్పి తిప్పి చూశారు.

"నలభై ఏండ్లుగా చీరలు అమ్ముతాండా. ఈ ఎరుపు నా అంగట్లో లేదు."

సీసాను రెండు చేతులతో తిరిగిచ్చి, తర్వాతి స్టేషన్లో దిగిపోయారు.

ఇప్పుడు మా ఇంటికి నాచును చూడడానికి ఎవరొచ్చినా ఒక రెమ్మను గ్లాసు ఉప్పునీళ్లలో వేసి వాకిట్లోకి తీసుకెళ్తాను. మొన్న ఆ గ్లాసు పట్టుకుని నాకన్నా ముందు నడిచింది మా ఆవిడే.