ఒక్క చేతికే చేపే ఆవు

మా పక్కింటి సూర్యావతి గారు ఆరేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఊరు దాటి నిద్ర చేయలేదు. ఆమెను కట్టిపడేసింది మల్లి, వాళ్ళ జెర్సీ ఆవు. ఆమె చెయ్యి తగిలితేనే అది పాలు చేపుతుంది. ఇంకెవరు కూర్చున్నా కాలు ఝాడిస్తుంది. నిడదవోలు బజారుకెళ్ళినా, పాలు పితికే వేళకి, మూడయ్యేసరికి ఆమె ప్రాణం ఇంటివైపే లాగేది.

"మల్లికి మీరంటే ఎంత ప్రేమండీ!" అని అందరూ మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ ప్రేమ వల్లే ఆమె సొంత మేనకోడలి పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

కిందటి నెల పిఠాపురంలో ఉండే ఆమె చెల్లెలు గృహప్రవేశానికి పిలిచింది. ఈసారి వెళ్ళి తీరాలని సూర్యావతి గారు పట్టుబట్టారు. తను కట్టి విడిచిన చీర ఉతక్కుండా భర్త విశ్వనాథరాజు గారి చేతికిచ్చారు.

"ఇది చుట్టుకుని కూర్చోండి, వాసనకి నేనే అనుకుంటుంది. చివరి చుక్క దాకా పితకాలండి, పొదుగులో పాలు మిగల్చకూడదు."

"ఆయ్, నాకు తెలీదేంటి?"

మల్లి నిజంగానే చేపింది. రాజుగారే నిలవలేకపోయారు. మీసాలున్న మనిషి చీరలో ఎవరి కంటైనా పడతానేమోనని పాక తలుపు బిగించి, గబగబా సగం పితికి లేచిపోయారు. రెండు రోజులూ, రెండు పూటలా అంతే. నేను గోడ మీంచి, పాక తడిక సందులోంచి చూసి నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె తిరిగొచ్చేసరికి పొదుగు ఎడమ పక్క ఒక చన్ను రాయిలా గట్టిపడి కాలిపోతోంది. పితికితే విరిగిన పాలలా ముక్కలు పడ్డాయి. పశువుల డాక్టరు డేనియల్ గారు వచ్చి చూశారు.

"పొదుగు వాపమ్మా. పూర్తిగా పితికారా?"

రాజుగారు పాక కప్పు వైపు చూశారు.

ఐదు రోజులు చన్నులోకి మందు ఎక్కించారు. రెండు గంటలకోసారి చెడ్డ పాలు పిండి పారబోయాలి. నొప్పికి మల్లి ఆమెనే తన్నింది. తొడ కమిలినా ఆమె లేవలేదు. ఆరో రోజు డాక్టరు గారు పట్టి చూసి పెదవి విరిచారు. ఆ చన్ను ఇక పాలివ్వదు.

"చూశావుగా, నువ్వు లేకపోతే ఏమైందో. ఇక ఎక్కడికీ కదలకు" అన్నారు రాజుగారు, తప్పంతా ప్రయాణానిదే అన్నట్టు.

మర్నాడు పొద్దున్నే ఆమె పాక తలుపు బార్లా తీసి, చీర ఆయన ఒళ్ళో పెట్టారు.

"తలుపు ఇలాగే ఉంటుందండి. చివరిదాకా పితకడం నేర్చుకోండి. నేను ముట్టుకోను."

అని ఆమె వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. ఆమె గెలవాలని గోడ ఇవతల నేను మొక్కుకున్నాను.

రాజుగారు పేపరు తెరిచారు. మల్లి అరిచింది. ఎండెక్కింది. మిగిలిన మూడు చన్నులూ బిగిసి, పాలు వాటంతటవే కారుతున్నాయి. ఆయనకి తొందరేమీ లేదు. ఆమె ఎంతసేపు ఓర్చుకోగలదో ఆయనకి బాగా తెలుసు.

పేజీ తిప్పారు.

సూర్యావతి గారు లేచి, ఆయన ఒళ్ళోని చీర తీసి దండెం మీద వేసి, బకెట్ అందుకున్నారు. నాకేసి చూడకుండానే, "మీరు లోపలికెళ్ళండమ్మా" అన్నారు. పొదుగు కడిగి కూర్చుని, చివరి చుక్క దాకా పితికారు.